అతికించిన అంకెకు ఊరేది?

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడితే రెండు రకాల బోర్డులు ఎక్కువగా కళ్లబడతాయి. ఒకటి కంప్యూటర్ కోర్సులవి, రెండోది జిరాక్స్ షాపులవి. ఈ రెంటికీ చుట్టరికం ఉంది. నకలు తీయడానికి మనం పేరుగా వాడుకుంటున్న ఆ జిరాక్స్ కంపెనీకి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధనశాల ఉండేది. 1974–75లో అక్కడ లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి 'జిప్సీ' అనే రాత సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఒకచోటి రాతను ఎంచుకుని, కత్తిరించో నకలు తీసో మరోచోట అతికించే పద్ధతికి ఇవాళ మనకు తెలిసిన రూపం వచ్చింది అందులోనే. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆయన పేరు ఎన్నడూ వినకపోయినా, ఆయన నేర్పిన పనిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసి జీతం తీసుకునేవాళ్లు ఈ చుట్టుపక్కల వేలమంది.

1990ల చివర వైటూకే భయం నడిచినప్పుడు ఇక్కడికి కోబాల్ నేర్చుకోవడానికి వచ్చేవారు. ఇప్పుడూ జిల్లాల నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టళ్లలో దిగేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ గురించే. ఎంఐఎస్ ఉద్యోగానికి, అకౌంట్స్ ఉద్యోగానికి, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌కి అదే తొలిమెట్టు. ఆ ఉద్యోగాల్లో చేరాక చేసే పనిలో పెద్ద భాగం ఒకచోటి డేటాను ఇంకోచోటికి తేవడమే. బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి షీట్‌లోకి, షీట్ నుంచి ట్యాలీలోకి, ట్యాలీ నుంచి మళ్లీ ఆడిటర్ అడిగిన నమూనాలోకి. ఈ పనిని వేగంగా, తప్పు లేకుండా చేయడమెలా అన్నదే ఇక్కడి ప్రశ్న. చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఇరవయ్యేళ్లుగా ఆ పనిలోనే ఉన్న నాకు మాత్రం అది చిన్నదిగా అనిపించలేదు.

ముందు పాత సంగతి కొంత. దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో రాసుకుని, తర్వాత ఎవరి ఖాతాకు వాళ్లది ఆవర్జాలోకి ఎత్తి రాసేవారు. తెలుగు మీడియంలో కామర్స్ చదివినవాళ్లకు చిట్టాలో సన్నగా గీసి ఉండే 'ఆవర్జా పుట' అనే గడి గుర్తుండే ఉంటుంది. ఈ అంకెను ఆవర్జాలో ఏ పుటకు ఎత్తామో అందులో రాయాలి. ఆవర్జాలోనూ ఇది ఏ పుట నుంచి వచ్చిందో రాయాలి. అంకె ఎక్కడికి పోయినా దాని ఊరు పేరు వెంట ఉండేది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించినప్పుడూ ఒకే ప్రతిని నమ్ముకోలేదు. పలు ప్రతులు తెప్పించి పోల్చి చూసేవారు. ఎత్తిరాతలో తప్పు దొర్లుతుందని వాళ్లందరికీ తెలుసు. అందుకే రాయడం ఒక పని, సరిచూడడం ఇంకో పని అని విడదీసి పెట్టుకున్నారు.

కంప్యూటర్ వచ్చాక సరిచూసే పని అవసరం లేదన్న భ్రమ కలిగింది. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన, పర్సనల్ కంప్యూటర్లకు తొలి స్ప్రెడ్‌షీట్ అయిన విసికాల్క్ 1979లో వచ్చినప్పుడు, ఒక గడిలోని సూత్రాన్ని మిగతా గడులకు నకలు తీయబోతే అది ఆగి ప్రశ్న వేసేది. సూత్రంలో ఉన్న ప్రతి గడి చిరునామానూ చూపించి, దీన్ని ఉన్నదున్నట్టు ఉంచాలా, వరసతో పాటు జరపాలా అని అడిగేది. విసుగు పుట్టించే ప్రశ్నే, కానీ మంచి ప్రశ్న. ఇప్పుడు ఎక్సెల్ అడగదు. ఎఫ్4 నొక్కి డాలర్ గుర్తు పెట్టి లాక్ చేయకపోతే, జరపాలనే అనుకుంటుంది. జీఎస్టీ శాతం ఉన్న ఒక్క గడిని లాక్ చేయడం మరచి, సూత్రాన్ని కిందికి లాగి, రెండో వరస నుంచి పన్నే లేకుండా బిల్లులు తయారుచేసిన కొత్త ఉద్యోగులను చాలామందిని చూశాను.

ఇక వేగం మాట. క్లాసుల్లో షార్ట్‌కట్ల పట్టిక ఒకటి జిరాక్స్ తీసి ఇస్తారు, వంద దాకా ఉంటాయి. నా అనుభవంలో పది చాలు. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే డేటా ఉన్నంతమేరా ఎంపికవుతుంది. మౌస్‌తో వేల వరసలు లాక్కుంటూ పోయే బాధ తప్పుతుంది. గడి కుడి మూల చుక్క మీద రెండుసార్లు నొక్కితే పక్క కాలమ్ ఉన్నంతవరకూ సూత్రం దిగిపోతుంది. ఖాళీ గడులన్నిటినీ గో టు స్పెషల్‌తో ఒకేసారి ఎంచుకుని, ఒక్క మాట రాసి కంట్రోల్ ఎంటర్ నొక్కితే అన్నిటిలోనూ అదే పడుతుంది. పేస్ట్ స్పెషల్‌లో అడ్డవరసను నిలువు చేసే ట్రాన్స్‌పోజ్ ఉంది. చూపుకు అంకెలే అయినా నిజానికి అక్షరాలుగా ఉన్న కాలమ్‌ను 1తో గుణించి అసలు అంకెలుగా మార్చే మల్టిప్లై ఉంది. విండోస్‌లో 2018 నుంచి విండోస్ మీటతో వీ నొక్కితే ఇటీవల కాపీ చేసినవి జాబితాగా వస్తాయి. వీటన్నిటితో రోజుకు అరగంటో గంటో మిగులుతుంది. ఆ అరగంటను తక్కువ చేయను. అయితే ఒక్క తప్పు పేస్ట్ వారం రోజులు తినేస్తుంది.

నాది చెబుతాను. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయ్యాక సనత్‌నగర్ పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్లు చాలావాటిలో కూలి డబ్బు చేతికివ్వడం మాని బ్యాంకు ద్వారా వేయడం మొదలైంది. నేను అకౌంట్స్ చూసే యూనిట్‌లోనూ అంతే. అందరికీ ఖాతాలు తెరిపించాం. కొత్త ఖాతా నంబర్ల జాబితా వచ్చింది, టోకెన్ నంబర్ల వరసలోనే ఉంది. మా జీతాల షీట్‌లో 64 వరసలు, ఆ జాబితాలో 64 వరసలు. లెక్క సరిపోయింది కదా అని ఖాతా నంబర్ల కాలమ్‌ను తీసి షీట్‌లో అతికించాను. మా షీట్‌లో ఉండి ఆ జాబితాలో లేనివాడొకడు, ఆ జాబితాలో ఉండి మా షీట్‌లో లేనివాడొకడు ఉన్నారని నేను చూడలేదు. ఆ ఇద్దరి మధ్య ఉన్న పదకొండు మంది ఖాతాలు ఒక్క వరస పైకి జరిగాయి. మొత్తం తేడా రాలేదు, మనుషుల సంఖ్య తేడా రాలేదు, డబ్బు మాత్రం పక్కవాడి ఖాతాలో పడింది.

"సార్, నా జీతం పడలే. రాజన్న ఖాతాల రెండు రూపాయలు తక్కువ కాకుండా నాదే పడ్డది" అని మర్నాడు షిఫ్టు మొదలుకాకముందే ఒక ఫిట్టర్ వచ్చి నిలబడ్డాడు. ఇంకొకతని ఖాతాలో పడ్డ డబ్బు అప్పటికే బండి ఈఎంఐ కింద కోతపడిపోయింది. అందరి డబ్బూ ఎవరిది వాళ్లకు చేరేసరికి రెండు వారాలు పట్టింది. బ్యాంకు పేర్లు చూడదా అని అప్పుడు చాలామంది అడిగారు. ఆన్‌లైన్ బదిలీల్లో ఖాతా నంబర్ ఒక్కటే ఆధారమని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పి ఉంది. డబ్బు పంపేవాళ్లు ఖాతాదారు పేరు ముందుగా చూసుకునే వీలు నెఫ్ట్‌లో, ఆర్టీజీఎస్‌లో 2025 ఏప్రిల్ నాటికి గానీ తప్పనిసరి కాలేదు.

ఆ రెండు వారాల్లో నేర్చుకున్నది ఇది: వరసను నమ్మి అతికించకూడదు, కోడ్‌ను నమ్మి తెచ్చుకోవాలి. రెండు జాబితాల్లోనూ టోకెన్ నంబర్ ఉన్నప్పుడు, వీలుకప్‌తోనో ఎక్స్‌లుకప్‌తోనో ఆ నంబర్‌ను పట్టుకుని ఖాతాను రప్పించుకోవాల్సింది. లేనివాడి దగ్గర ఎర్రర్ వచ్చి ఆగేది. ఆ ఎర్రర్ చూసి జనం విసుక్కుంటారు కానీ, అది షీట్ మనకు చేసే మేలు.

ఇలాంటి తప్పులు పెద్ద సంస్థల్లోనూ జరిగాయి. 2003లో కెనడా విద్యుత్ సంస్థ ట్రాన్స్‌ఆల్టా న్యూయార్క్ విద్యుత్ మార్కెట్‌లో కాంట్రాక్టుల కోసం వేసిన బిడ్లలో, ఎక్సెల్‌లో కత్తిరించి అతికించేటప్పుడు వరసలు తారుమారయ్యాయి. ఒక కాంట్రాక్టుకు వేయాల్సిన బిడ్ ఇంకొకదానికి పడింది. నష్టం 2.4 కోట్ల డాలర్లు. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ విభాగంలో 600 కోట్ల డాలర్లకు పైగా పోయిన వ్యవహారంలో, నష్టభయాన్ని అంచనావేసే నమూనా ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కి చేత్తో కాపీ పేస్ట్ చేస్తూ నడిచిందని ఆ బ్యాంకు సొంత విచారణే తేల్చింది. నష్టానికి కారణం అదొక్కటే కాదు, కానీ ప్రమాదాన్ని తక్కువగా చూపించిన లెక్క ఆ షీట్లలోనే పుట్టింది. 2020 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైల్ 65,536 వరసలకు మించి పట్టదు. మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. 2007 నుంచి వచ్చిన ఎక్సెల్‌లో 10,48,576 వరసలు పడతాయి, అయినా అక్కడ పాత ఫైల్ రకాన్నే వాడుతూ వచ్చారు.

మన దగ్గర డేటా కదిలే తీరు ఇంకా బరువైనది, ఎందుకంటే మొదలే కాగితం మీద. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో జరిగింది. ఆ కాగితాలన్నీ తర్వాత మనుషులే కంప్యూటర్లలోకి ఎక్కించారు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన కార్యక్రమంలో కోటి ఇరవై అయిదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, అవీ అంతే. 2019 ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 మార్కులు రావాల్సిన అమ్మాయికి సున్నా వచ్చింది. జవాబుపత్రం నుంచి ఓఎమ్మార్ షీట్‌కి ఎత్తేటప్పుడు 99 బదులు 00 దిద్దారు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి అంకె మారే ప్రతి మలుపులోనూ ఎవరిదో ఒకరి బతుకు ఉంటుంది.

ఇప్పుడు అందరూ ఒకసారి పడి, అయినా ఎవరూ ముందుగా చెప్పని చిక్కులకు వస్తాను. అమీర్‌పేట క్లాసుల్లో దీనికి ఒక పూట కేటాయించాలని నా కోరిక.

ఎక్సెల్ ఏ అంకెలోనైనా 15 స్థానాల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబర్ అతికిస్తే చివరిది సున్నా అవుతుంది. ముందు సున్నాలున్న ఖాతా అయితే ఆ సున్నాలు ఎగిరిపోతాయి. పీఎఫ్ యూఏఎన్ నంబర్‌లో 12 అంకెలు, ఆధార్‌లో 12. మామూలు గడిలో వేస్తే అది 1.01ఈ+11 లాంటి రూపంలో కనబడుతుంది. లోపల అసలు నంబర్ ఉంటుంది, అంతవరకూ ఫర్వాలేదు. కానీ ఆ షీట్‌ను సీఎస్‌వీగా సేవ్ చేస్తే కళ్లకు కనిపించే రూపమే ఫైల్లోకి పోతుంది, అసలు నంబర్ ఇక లేదు. నెలనెలా పీఎఫ్ రిటర్న్ ఫైల్ తయారుచేసేవాళ్లలో ఈ దెబ్బ తగలనివాళ్లు తక్కువ. మందు చాలా తేలిక: అతికించకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి, విలువలు మాత్రమే అతికించాలి. అతికించాక మార్చితే లాభం లేదు, పోయిన అంకె తిరిగి రాదు.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ది ఇంకో తీరు. ఒక వరసలో రాసి కిందికి లాగితే ఎక్సెల్ దాన్ని వరుస సంఖ్య అనుకుని చివరి అంకెను ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతుంది. అరవై మందికి అరవై బ్రాంచీలు తయారవుతాయి. లాగడం మాని, గడులన్నీ ఎంచుకుని కంట్రోల్ డీ నొక్కితే ఉన్నదున్నట్టే దిగుతుంది.

బిల్లు నంబర్ 10-12 అని ఉంటే డిసెంబర్ 10 అవుతుంది. శాస్త్రవేత్తలకూ ఈ బాధ తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, పరిశోధన పత్రాల పట్టికల్లో ఆ తప్పులు పేరుకుపోయాయని తేలాక, 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఆ మార్పిడిని ఆపుకునే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది. కొత్త ఎక్సెల్ ఉన్నవాళ్లు ఆ సెట్టింగ్‌ను ఒకసారి వెతికి చూసుకోవాలి. తేదీల్లో మనకు ఇంకో ఇబ్బంది ఉంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/06 అన్నది జూన్ అయిదు కాక మే ఆరు అవుతుంది. 13/06 మాత్రం తేదీగా మారక అక్షరాలుగానే ఉండిపోతుంది. నెలలో మొదటి 12 రోజుల్లో దాదాపు అన్నీ తప్పు, మిగతావి ఉత్త మాటలు.

ట్యాలీ నుంచి ఎక్సెల్‌కి తెచ్చుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అంకె పక్కన కనిపించే డీఆర్, సీఆర్ చాలాసార్లు గడి రూపంలో భాగమే, విలువలో ఉండదు. విలువలు మాత్రమే అతికిస్తే అవి రాలిపోయి అప్పూ జమా ఒక్కటైపోతాయి. ఇక బ్యాంకు వెబ్‌సైట్ నుంచి ఎత్తిన అంకెల వెనక కనిపించని ఖాళీ గుర్తు ఒకటి అంటుకొస్తుంది. ట్రిమ్ దాన్ని తీయలేదు. అలాంటి అంకెలను సమ్ లెక్కలోకే తీసుకోదు, ఎర్రర్ కూడా చూపదు, మొత్తం తక్కువగా వస్తుందంతే. అన్నిటిలోకీ నేను భయపడేది దీనికే.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు మరికొన్ని చిక్కులు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన జాబితాను ఎక్సెల్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఆ ఫాంట్లలో లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు రూపం తొడుక్కున్న వేరే గుర్తులు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు. పీడీఎఫ్ నుంచి ఎత్తితే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. ఇక మా పేట పేరే చూడండి. సనత్‌నగర్ అని ఒకరు, సనత్ నగర్ అని ఒకరు, సనత్నగర్ అని ఇంకొకరు కొడతారు. మనిషికి మూడూ ఒకటే. మధ్య ఖాళీ ఉన్నదీ లేనిదీ లుకప్‌కి వేర్వేరు ఊళ్లు. అందుకే పేరుతో కాదు, కోడ్‌తో కలపమనేది.

ఫిల్టర్ సంగతి ఒక్క మాటలో: ఫిల్టర్ పెట్టిన జాబితాలోంచి కాపీ చేస్తే కనిపించే వరసలే వస్తాయి, కానీ ఫిల్టర్ పెట్టిన జాబితా మీద అతికిస్తే దాగిన వరసల మీదా పడుతుంది. ఫిల్టర్ తీసేదాకా తెలియదు. చేత్తో దాచిన వరసలైతే కాపీలోకీ వచ్చేస్తాయి. వాటిని వదలాలంటే ముందు ఆల్ట్, సెమీకోలన్ నొక్కాలి.

మరి కాపీ పేస్ట్ మానేయాలా? ఒకేరకం ఫైల్ నెలనెలా వస్తూ, దాన్ని నెలనెలా అదే తీరులో శుభ్రంచేసి అతికిస్తుంటే, మానేయాల్సిందే. 2016 నుంచి ఎక్సెల్‌లోనే ఉన్న పవర్ క్వెరీ ఆ ఫైల్‌ను నేరుగా చదువుతుంది, చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకుంటుంది, వచ్చే నెల రిఫ్రెష్ నొక్కితే చాలు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అందులో రాసి ఉంటుంది, ఆవర్జా పుట గడి తిరిగి వచ్చినట్టే. గూగుల్ షీట్లు వాడేవాళ్లకు ఇంపోర్ట్‌రేంజ్ ఉంది. జీఎస్టీలో కొనుగోళ్ల రిజిస్టర్‌ను నెలనెలా జీఎస్టీఆర్-2బీతో పోల్చే ఆఫీసులు పవర్ క్వెరీకి మారితే చాలా పొద్దు మిగులుతుంది. పాత ఎక్సెల్‌తోనే నెట్టుకొచ్చే చిన్న దుకాణాలకు ఇది అందదని తెలుసు. వాళ్లకు ఒకటే చెబుతాను: అతికించిన కాలమ్ పక్కన ఒక గడి వదిలి, ఎక్కడి నుంచి, ఏ తేదీన, ఎవరు అని రాసిపెట్టండి. నెల ముగిశాక సూత్రాలను విలువలుగా మార్చి భద్రపరచడం సరైన పనే, అక్కడా ఈ గడి ఉండాలి.

సరిచూసే పద్ధతుల్లో పాతది వరసల లెక్క, మొత్తం. రెండూ చూడాలి, కానీ నా పదకొండు మంది విషయంలో రెండూ సరిపోయాయి. కాబట్టి మూడోది కూడా కావాలి: మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి వరసలు తీసి అసలు కాగితంతో పక్కపక్కన పెట్టి చూడడం. వీలైతే ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి. ఎక్సెల్ కింది పట్టీలో కౌంట్ పక్కన అంకెల కౌంట్ కూడా పెట్టుకుంటే, అక్షరాలుగా మారిన అంకెలు ఎన్నున్నాయో అక్కడే బయటపడుతుంది. హవాయి విశ్వవిద్యాలయంలో రే పాంకో ఏళ్ల తరబడి స్ప్రెడ్‌షీట్ తప్పుల మీద పనిచేసి చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది. జాగ్రత్తగా ఉండే మనుషులూ తప్పులు చేస్తారు, తాము చేశామని వాళ్లకు తెలియదు, వేరొకరు చూస్తేనే దొరుకుతాయి.

ఎక్సెల్ నేర్పే అన్నలకు, మేడమ్‌లకు నా విన్నపం. షార్ట్‌కట్ల కాగితం ఇచ్చే రోజున, తప్పులు దాచిన ఒక జీతాల షీట్ కూడా పిల్లల చేతికివ్వండి. వాటిని పట్టుకున్నాకే రెండో క్లాసుకు రానివ్వండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఈ నెల జీతాల ఫైల్ బ్యాంకుకు పంపేముందు ఖాతా నంబర్ల కాలమ్‌లో మూడు వరసలు పాస్‌బుక్ జిరాక్స్‌లతో పోల్చి చూడండి. అయిదు నిమిషాలు పడుతుంది.